అది అరిస్తే ఆపుకోవచ్చా?

రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఆఫీసులో సగం మంది వెళ్ళిపోయాక, నా ముందుకి ఇరవై సెకన్ల వీడియో ముక్క ఒకటి వచ్చింది. అమెరికాలో ఎక్కడో ఒక పెద్ద లారీ క్యాబిన్. ముందు అద్దానికి బిగించిన కెమెరా రోడ్డుని కాకుండా డ్రైవర్ ముఖాన్ని చూస్తోంది. యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం. కళ్ళు మూస్తున్నాడు, తెరుస్తున్నాడు, మళ్ళీ మూస్తున్నాడు. మా మోడల్ దాన్ని "మగత" అని పట్టుకుంది. అలాంటి క్లిప్పులు చూసి అది సరిగ్గా పట్టిందో లేదో చెప్పడానికి మా దగ్గర కొందరు పిల్లలుంటారు. డిగ్రీ అయి ఏడాది కూడా కాని ఒకమ్మాయి కింద కామెంట్ రాసింది: "మగత కాదండీ. ఏడుస్తున్నాడు. ఏ లేబుల్ పెట్టమంటారు?"

మా జాబితాలో మగత ఉంది, ఆవులింత ఉంది. ఫోను, సిగరెట్, తిండి, సీటుబెల్టు లేకపోవడం, చూపు రోడ్డు మీద లేకపోవడం, అన్నీ ఉన్నాయి. ఏడుపు లేదు. "తప్పు హెచ్చరిక" అని పెట్టమని చెప్పి టికెట్ మూసేశాను. ఇంజనీరుగా అది సరైన జవాబే. ఇంటికొచ్చి అన్నం తింటుంటే గాని తట్టలేదు, ప్రపంచంలో ఎవరూ చూడట్లేదనుకుని ఒక మనిషి ఏడ్చిన ఏడుపుని హైదరాబాదులో కూర్చుని ఇద్దరం చూశామని. అసలు అతను ఎవరూ చూడట్లేదనుకున్నాడో లేదో కూడా నాకు తెలియదు. కెమెరా ఉందని తెలిసి కూడా ఆపుకోలేకపోయాడేమో.

నా ఉద్యోగం గురించి రెండు మాటలు చెప్పాలి. డ్రైవర్ కునుకు తీస్తున్నాడా లేదా అని పట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో ఒక చిన్న భాగం నాది. ఇందులో అందరూ వాడే కొలత ఒకటుంది, పేరు పర్‌క్లోస్. ఒక నిమిషంలో ఎంతసేపు కనురెప్పలు కంటిపాపని ఎనభై శాతానికి పైగా కప్పి ఉన్నాయి అన్నదే ఆ లెక్క. 1990ల్లో అమెరికాలో డ్రైవింగ్ సిమ్యులేటర్ల మీద జరిగిన ప్రయోగాల్లోంచి వచ్చింది. వినడానికి సులువుగానే ఉంటుంది. చిక్కంతా గీత ఎక్కడ గీయాలన్న దగ్గరుంది. గీత మరీ కిందకి దించితే పుట్టుకతో చిన్న కళ్ళున్నవాళ్ళూ, నవ్వితే కళ్ళు మూసుకుపోయేవాళ్ళూ అందరూ నిద్రపోతున్నట్టే లెక్క. రోజుకి పది సార్లు ఊరికే అరిస్తే డ్రైవర్ కెమెరా మీద టేపు అంటిస్తాడు, ఆ తర్వాత నిజంగా నిద్రొచ్చిన రోజు దిక్కుండదు. గీత మరీ పైకి జరిపితే అసలైన కునుకుని వదిలేస్తాం. ఎవరి ప్రాణం ఖర్చు మీద ఎవరి విసుగు తగ్గించాలి అనేది అక్కడున్న అసలు ప్రశ్న. మా దగ్గర దాన్ని సున్నాకీ ఒకటికీ మధ్య ఒక దశాంశ సంఖ్యగా ఒక ఫైల్లో రాసి పెడతాం. ఆ ఫైలు మార్చే అనుమతి ఉన్న నలుగురిలో నేనొకణ్ణి.

ఇలా నిఘా అనే మాట రాగానే మనలాంటి పుస్తకాల వాళ్ళందరికీ ఫూకో గుర్తొస్తాడు, ఆయన వెనకాల బెంథామ్, పానాప్టికాన్. మధ్యలో ఒక బురుజు, చుట్టూ గదులు, చూసేవాడు కనపడడు, చూడబడేవాడికి దాపు లేదు. నేనూ కాలేజీ రోజుల్లో ఈ బొమ్మ గీసి స్నేహితుల దగ్గర గొప్పలు పోయినవాణ్ణే. చాలా కాలం తర్వాత తెలిసిన సంగతి ఏమిటంటే, ఆ బురుజు మొదట అనుకున్నది జైలు కోసం కాదు. జెరెమీ బెంథామ్ తమ్ముడు సామ్యూల్ 1780ల్లో రష్యాలో పొటెమ్కిన్ దొర ఎస్టేటులో పనిచేస్తూ, అక్కడి పనివాళ్ళ మీద ఒక్కడే కన్నేసి ఉంచడానికి ఆ కట్టడం ఊహించాడు. అన్న అక్కడికెళ్ళి చూసి, ముచ్చటపడి, దాన్ని జైళ్ళకీ ఆసుపత్రులకీ బడులకీ పనికొస్తుందని పుస్తకం చేశాడు. అంటే మనం జైలు అనుకున్న బొమ్మ పుట్టింది పని దగ్గర. లారీ క్యాబిన్‌లో కెమెరా పెట్టడమంటే ఆ ఆలోచన పుట్టింటికి చేరడమే.

కానీ నేను ఇక్కడితో ఆగి, నిఘా తప్పు అని రాసేసి నిద్రపోలేను. కారణం మా మేనమామ.

ఆయన ఇరవై ఆరేళ్ళు లారీ నడిపాడు. ఎక్కువ కాలం చేపల లోడు. కైకలూరు, ఆకివీడు వైపు చెరువుల్లో పట్టిన చేపని ఐసు కొట్టి సర్ది, పట్టా కట్టి, హౌరాకి తోలడం. వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు. బొగ్గు లోడైతే ఓ రోజు ఆలస్యమైనా బొగ్గే. ఐసుకి ఆ ఓపిక ఉండదు. తెల్లవారుజామున వేలం పాట మొదలయ్యే వేళకి బండి అక్కడుండాలి. ఆలస్యమైతే రేటు పడిపోతుంది. పడిపోయిన రేటు చివరికి ఎవరి బేటాలోంచి పోతుందో ఎక్కడా రాసి ఉండదు, అందరికీ తెలుసు.

1998లో, శ్రీకాకుళం జిల్లాలో, తెల్లవారు నాలుగున్నరకి ఆయన కన్ను మూతపడింది. సైకిలు మీద పాల క్యాన్లతో వెళుతున్న మనిషి. ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. మామయ్య బండి దిగి పొలాలకడ్డం పడి పరిగెత్తాడు. జనం చేతికి దొరికితే ఏమవుతుందో లారీ వాళ్ళందరికీ తెలుసు. సాయంత్రానికి స్టేషన్‌లో లొంగిపోయాడు. 304-ఏ కింద కేసు. ఓనరే బెయిలు ఇప్పించాడు. అందుకు మామయ్య ఆయన పోయేదాకా ఆయనంటే దేవుడన్నట్టే మాట్లాడాడు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు. ఆ ముందు రెండు ట్రిప్పులూ మధ్యలో ఇంటికి కూడా పంపకుండా వరసగా తోలించింది ఆ దేవుడే.

(మామయ్యని అడిగే ఇది రాస్తున్నాను. ఆ పాలాయన ఊరూ పేరూ మాత్రం రాయొద్దన్నాడు. రెండూ ఆయనకి ఇప్పటికీ గుర్తే.)

అందుకని, డ్రైవర్ ముఖం డ్రైవర్ సొంతం, దాన్ని చూసే హక్కు ఎవరికీ లేదు అని ఎవరైనా అంటే నాకు ఆ సైకిలు కనపడుతుంది. నలభై టన్నుల బండి తోలుతున్నవాడి రెప్పలు పూర్తిగా అతని సొంత విషయం కావు. రోడ్డు పక్కన సైకిలు తొక్కుతున్నవాడికి వాటిలో వాటా ఉంది. ఆ పాలాయన మామయ్య నిద్రకి ఒప్పుకుని ఎక్కడా సంతకం పెట్టలేదు. 2022లో మన దేశంలో రోడ్ల మీద పోయినవాళ్ళు 1,68,491 మంది అని ప్రభుత్వ లెక్క. ఇందులో లారీ డ్రైవర్ల కునుకు వాటా ఎంతో ఏ ఎఫ్ఐఆర్ నుంచీ తేల్చలేం. కునుకు పడిందని ఎవరు రాయిస్తారు? అయినా ఆ సంఖ్య ముందు నిలబడి వ్యక్తిగత గోప్యత గురించి ఉపన్యాసం ఇవ్వాలంటే నాకు నోరు రాదు.

సరే, చూడటం తప్పు కాదనుకుందాం. మరి చూస్తే బాగుపడుతుందా? ఇక్కడ అమెరికా అనుభవం పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ వాళ్ళు ఇది పెద్ద ఎత్తున చేసి చూశారు.

2017లో నియోష్ అనే అక్కడి ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్ళు ఒక అధ్యయనం అచ్చువేశారు. చమురు, గ్యాస్ పనుల్లో తిరిగే కంపెనీ బళ్ళకి పరికరాలు బిగించారు. కొన్నింటిలో డ్రైవర్ గట్టిగా బ్రేకు కొట్టినా, వేగం దాటినా లైటు వెలుగుతుంది, అంతే. ఇంకొన్నింటిలో లైటుతో పాటు, పైవాడు ఒకడు డ్రైవర్‌ని కూర్చోబెట్టుకుని వీడియో చూపించి మాట్లాడతాడు. మాట్లాడిన చోట ప్రమాదకరమైన నడత బాగా తగ్గింది. ఒట్టి లైటు పెట్టిన చోట, అసలేమీ పెట్టని బళ్ళకీ వాటికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నేను ఈ పేపరు రెండుసార్లు చదివాను. నేను తయారుచేసేది ఆ లైటుని.

రెండోది ఇంకా పెద్దది. అమెరికాలో లారీ డ్రైవర్ పది గంటల విశ్రాంతి తర్వాత పద్నాలుగు గంటల లోపల పదకొండు గంటలకి మించి బండి తోలకూడదు. దశాబ్దాల పాటు ఈ లెక్కని డ్రైవర్లే కాగితం మీద రాసుకునేవాళ్ళు. ఆ కాగితాల్లో ఎంత కవిత్వం ఉండేదో అందరికీ తెలుసు. 2017 డిసెంబరు 18 నుంచి ఎక్కువ లారీలకి ఇంజనుకి తగిలించే ఎలక్ట్రానిక్ పరికరం తప్పనిసరి చేశారు. ఇక అబద్ధం కుదరదు. స్కాట్, బాల్‌థ్రాప్, మిల్లర్ అనే ముగ్గురు పరిశోధకులు తర్వాత లెక్కలు తీశారు. గంటల నిబంధన పాటించడం నిజంగానే పెరిగింది. ప్రమాదాలు మాత్రం తగ్గినట్టు కనపడలేదు. చిన్న కంపెనీల డ్రైవర్లలో వేగం మీరడం లాంటివి పెరిగాయి.

ఎందుకలా? ఒక్కసారి ఆ సీట్లో కూర్చుని చూస్తే అర్థమవుతుంది. పద్నాలుగు గంటల గడియారం ఒకసారి మొదలైతే గోడౌన్ ముందు సరుకు దించేదాకా కాచుకున్న గంటలు కూడా అందులోనే పోతాయి. ఆ కాచుకున్నదానికి చాలామందికి డబ్బు రాదు, జీతం మైళ్ళ లెక్కన. నాలుగు గంటలు అక్కడ ఇరుక్కున్నవాడు మిగతా రోజంతా వాటిని తోసుకుని రావాలి. ఇదివరకు కాగితం మీద గంటలు దాచుకుని నిదానంగా వచ్చేవాడు, ఇప్పుడు గంటలు దాచలేక బండిని ఉరికిస్తున్నాడు. అబద్ధం చెప్పే దారి మూసేశాం గానీ, ఆ అబద్ధం చెప్పించిన తొందరని ఎవరూ ముట్టుకోలేదు. కారెన్ లెవీ అనే సమాజశాస్త్రవేత్త ఈ డ్రైవర్లతో ఏళ్ళ తరబడి మాట్లాడి 2022లో 'డేటా డ్రివెన్' అని పుస్తకం రాసింది. ఈ తరహా ఉద్యోగం చేసే మావాళ్ళెవరికైనా ముందు అది చేతిలో పెట్టాలనిపిస్తుంది నాకు.

మనం ఈ పరికరాల దాకా ఇంకా పూర్తిగా రాలేదు. మన పద్ధతి వేరు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకి ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది అని ఎప్పుడో చెప్పేసింది. మా మామయ్య ఆ చట్టం పేరు నా నోటే మొదటిసారి విన్నాడు. 2021లో గడ్కరీ గారు డ్రైవర్లకి విమానం పైలట్లలాగా గంటలు నిర్ణయించాలని, బళ్ళలో నిద్ర పట్టుకునే సెన్సర్లు ఉండాలని అన్నారు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ ఉండాలన్న నిబంధన వచ్చింది. అది నిజంగా మంచి పని, ఎండాకాలం లారీ క్యాబిన్‌లో గంట కూర్చున్నవాళ్ళెవరూ కాదనరు. ఈలోగా ఆంధ్రాలో హైవే మీద పోలీసులు అర్ధరాత్రి లారీలు ఆపి డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపిస్తుంటారు. నవ్వొస్తుంది గానీ, ఒక రకంగా మా సాఫ్ట్‌వేర్ కంటే అదే మేలు. కనీసం అక్కడ ఒక మనిషి, ఒక చెంబు నీళ్ళు ఉన్నాయి. రెండింటిలోనూ లేనిది నిద్ర.

2024 జనవరి మొదట్లో హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు మైళ్ళ క్యూలు గుర్తున్నాయా? ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు గుర్రం మీద వెళుతున్న వీడియో అందరం షేర్ చేసుకుని నవ్వుకున్నాం. ఆ క్యూలకి కారణం, ప్రమాదం చేసి పోలీసులకి చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అన్న కొత్త సెక్షన్ మీద ట్యాంకర్ డ్రైవర్లు బళ్ళు ఆపేయడం. తర్వాత ఆ సెక్షన్‌ని అమల్లోకి తేకుండా పక్కనపెట్టారు. నేను ఆ రోజు గచ్చిబౌలిలో గంటన్నర క్యూలో నిలబడి డ్రైవర్లని తిట్టుకున్న మాట నిజం. ఇంటికొచ్చాక మామయ్య పరుగు గుర్తొచ్చింది. పారిపోవడం తప్పే. కానీ చట్టం కన్నూ, కెమెరా కన్నూ రెండూ ఒకే సీటు వైపు తిరిగి ఉన్నాయి. ఆ సీటుకి పని పురమాయించిన బల్ల వైపు ఏదీ తిరగలేదు.

చిత్రగుప్తుడి లెక్కల్లో నాకు చిన్నప్పటి నుంచి ఒక అనుమానం ఉండేది. ఆయన అన్నీ చూస్తాడు, అన్నీ రాస్తాడు. కానీ పాపం జరుగుతుంటే చెయ్యడ్డం పెట్టడు. చూడటం ఆయన ఉద్యోగం, ఆపడం కాదు. ఆ చిట్టా తెరుచుకునేది అంతా అయిపోయాక. మేం అమ్మేటప్పుడు ఈ కెమెరాని కాపలాదారు అని చెప్పి అమ్ముతాం. కొన్నాక చాలాచోట్ల అది చిత్రగుప్తుడైపోతుంది. నెలాఖరుకి స్కోరు, బోనసులో కోత, ప్రమాదం జరిగితే కోర్టులో సాక్ష్యం. రోడ్డు వైపు చూసే కెమెరా చాలాసార్లు తప్పు డ్రైవర్‌ది కాదని రుజువు చేసి కాపాడుతుంది, అది ఒప్పుకోవాలి. నా పేచీ లోపలికి చూసేదానితోనే.

ఆ పేచీ కూడా చూస్తోందని కాదు. తెల్లవారు మూడున్నరకి ఒక డ్రైవర్ రెప్పలు వాలుతున్నాయని కంపెనీ తెరమీద ఎర్రచుక్క వెలిగిందనుకోండి. కెమెరా లేని రోజుల్లో కంపెనీ "మాకు తెలియదు" అనగలిగేది. పాలాయన చనిపోయినప్పుడు ఓనరు అన్నదీ అదే, నాకేం తెలుసు, వాడే కునుకు తీశాడు అని. ఇప్పుడు తెలుసు. మరి తెలిసినవాడి మీద బరువు పెరగాలి కదా? జరుగుతున్నది తిరగబడి ఉంది. హెచ్చరిక ఇచ్చాం, అయినా వినకుండా నడిపాడు అంటున్నారు. తెలిసిందేమో కంపెనీకి, తప్పేమో డ్రైవర్‌కి. ఒక మనిషి నిద్రని చూసే హక్కు కావాలంటే, అతన్ని పడుకోబెట్టే బాధ్యత కూడా తీసుకోవాలి. అది తీసుకోనివాడికి చూసే అర్హత లేదని నా అభిప్రాయం. అమ్మ రాత్రి రెండింటికి లేచి జ్వరం చూస్తే మనకి కోపం రాదు. చూశాక ఆవిడ ఊరుకోదని తెలుసు కాబట్టి.

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు లాప్‌టాప్‌లో మా డెమో మామయ్యకి చూపించాను. డెబ్బై దగ్గర పడింది ఆయనకి, ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. వాలిన రెప్పల్ని చూసి అది వెంటనే కుయ్యిమంది. "మేలుకునే ఉన్నాను కదరా అల్లుడూ" అని నవ్వాడు. గీత ఇంకా సరిచేయాలని చెప్పాను. కాసేపు చూసి అడిగాడు:

"అది అరిస్తే ఆపుకోవచ్చా?"

"ఆపుకోవచ్చు మామయ్యా. ఆపుకోమనే కదా అరిచేది."

"అది కాదురా. ఆపుకుని ఓ మూడు గంటలు పడుకుంటే లోడు లేటవుద్ది. ఆ లేటు ఎవడి మీద రాస్తారు?"

చెప్పాను. లేటు మీద వేరే సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దాన్ని వేరే కంపెనీ చేస్తుంది, అందులో డ్రైవర్ పేరు మీదే పడుతుంది అని.

మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "మరి నాకు అరవడం ఎందుకు? నిద్రొస్తోందని నాకు తెలుసుగా. తెలియనోడికి అరవమను."

హైదరాబాద్ తిరిగొచ్చాక దాన్ని మా భాషలోకి మార్చి ఒక ప్రతిపాదన రాశాను. మగత హెచ్చరిక నిజమని తేలిన ప్రతిసారీ, ఆ ట్రిప్పు ఎవరు ఎప్పుడు కేటాయించారు, సరుకు దగ్గర ఎన్ని గంటలు కాచుకున్నాడు, చివరిసారి విశ్రాంతి ఎప్పుడు అన్నవి అదే తెరమీద పక్కన కనపడాలి. ఆ హెచ్చరిక లెక్క డ్రైవర్ ఖాతాలోనే కాక, ట్రిప్పు వేసినవాళ్ళ ఖాతాలో కూడా పడాలి. డ్రైవర్ ఆపుకుని పడుకున్న గంటలు ఆలస్యం కింద పోకూడదు. మీటింగులో మా ప్రాడక్ట్ మేనేజర్ ఓపికగా విన్నాడు. చెడ్డవాడు కాదు, వాళ్ళ నాన్న ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాడు. విని, "ఆలోచన బాగుంది. కానీ కొనేది డ్రైవర్ కాదు కదా" అన్నాడు. ట్రిప్పులు వేసేవాళ్ళ మీద మార్కులు వేసే వస్తువుని ట్రిప్పులు వేసేవాళ్ళకి ఎలా అమ్మాలో నా దగ్గర జవాబు లేదు. ప్రభుత్వం చెబితే కొంటారు. ప్రభుత్వం ఎందుకు చెప్పాలో ఎవరో రాయాలి.

మూడింటిలో మొదటిది సగం ఒప్పుకున్నారు. చివరి విశ్రాంతి నుంచి ఎన్ని గంటలైందో ఇప్పుడు హెచ్చరిక కింద బూడిదరంగు చిన్న అక్షరాల్లో కనపడుతుంది. మామయ్య ఫోన్ చేసి ఏమన్నారని అడిగితే ఇదే చెప్పాను. "కనపడుద్దా, సరే" అన్నాడు.

ఆ లేబుళ్ళ అమ్మాయి ఉద్యోగం మానేసి బ్యాంకు పరీక్షలకి చదువుతోందని విన్నాను. మామూలు క్లిప్పులు గడువు తీరాక చెరిపేస్తాం. ఆ ఏడ్చిన మనిషిది మాత్రం ఉండిపోయింది. మగతకీ మగత కానిదానికీ తేడా నేర్పడానికి పనికొచ్చే ఉదాహరణల్లో దాన్ని చేర్చాం, మోడల్‌ని కొత్తగా నేర్పించిన ప్రతిసారీ అది మళ్ళీ దాన్ని చూస్తుంది. లేబుల్ ఇంకా నేను చెప్పిందే.